కేంద్రం వేల కోట్లిస్తోందట, పాపను బి.ఎఫ్.ఎస్సీ (ఫిషరీ సైన్స్ డిగ్రీ)లో చేర్చమంటారా?

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం. రొయ్యల గుంటలు చేస్తాను. రెండెకరాలు సొంతం, మిగతాది లీజు. పాప ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటొచ్చేంత మార్కులు రాలేదు, ఈఏపీసెట్ ర్యాంకు ఫర్వాలేదు. ‘కేంద్రం చేపల రంగానికి వేల కోట్లిస్తోంది, బి.ఎఫ్.ఎస్సీలో చేర్చు బావా’ అంటున్నాడు మా బావమరిది. ఆడపిల్ల గుంటగట్ల మీద ఏం తిరుగుతుందని ఇంట్లో టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావమరిది మాట నిజమే. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో 20,050 కోట్ల రూపాయల అంచనాతో మొదలైంది. కానీ అది ఐదేళ్లకని వేసిన పథకం. పాప చదువే నాలుగేళ్లు. ఆమె బయటికొచ్చేనాటికి ఢిల్లీలో ఏ పథకం నడుస్తుందో ఎవరం చెప్పలేం. పైగా ఆ డబ్బులో ఎక్కువ భాగం హార్బర్లకు, కోల్డ్ స్టోరేజీలకు, యూనిట్ల సబ్సిడీలకు పోతుంది. అందులో ఉద్యోగాలు వెతుక్కోవద్దు.

చట్టాలను, రొయ్యలకు చేసే ల్యాబ్ పరీక్షలను చూడండి. అవి అంత తొందరగా పోవు. 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని 2023లో సవరించి, హేచరీలను (రొయ్య పిల్లలను తీసే కేంద్రాలు), తల్లి రొయ్యల కేంద్రాలను కూడా గట్టిగా దాని కిందికి తెచ్చారు. యూరప్‌కు వెళ్లే సరుకులో నిషేధిత యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది. అందుకే పట్టుబడికి ముందు శాంపిల్ తీసి మందుల ఆనవాళ్లు చూసే ఎలీసా టెస్ట్ చేయిస్తారు. సీడ్ (రొయ్య పిల్లలు) కొనేముందు వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ టెస్ట్. మీరే ఆలోచించండి: రొయ్యలకు వైట్ స్పాట్ వైరస్ జబ్బు అనుమానం వస్తే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? మేత కంపెనీ కుర్రాడికో, మందుల షాపుకో. వాళ్లకు సరుకు అమ్ముడుపోవాలి మరి. అమ్మకంతో సంబంధం లేకుండా రిపోర్టు చదివి చెప్పే మనిషి మన తీరంలో ఇంకా తక్కువే. నా దృష్టిలో ఈ చదువుకు అసలు గిరాకీ అక్కడే ఉంది.

ఆడపిల్ల సంగతి. రాత్రంతా గుంటల దగ్గరే ఉండే టెక్నీషియన్ పనికి కంపెనీలు మగపిల్లల్నే తీసుకుంటాయి, దాచాల్సిందేమీ లేదు. కానీ ల్యాబ్‌లు, హేచరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లలో క్వాలిటీ విభాగం అలా కాదు. ప్రభుత్వంలో ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్ పోస్టులున్నాయి. చాలామందికి తెలియనిది బ్యాంకు దారి: బ్యాంకు ఉద్యోగాలకు ఎంపిక చేసే సంస్థ ఐబీపీఎస్ పెట్టే అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకు ఫిషరీ సైన్స్ వాళ్లూ అర్హులే. ఇక మత్స్య సంపద యోజనలో సబ్సిడీ మామూలు వాళ్లకు యూనిట్ ఖర్చులో 40 శాతమైతే, మహిళలకు 60. రేపు ఇలాంటిదే ఇంకో పథకం వస్తే, పాప పేరున ల్యాబ్ పెట్టే ఆలోచన చేయొచ్చు. అది అదనం అనుకోండి, దాన్ని నమ్ముకుని చేరొద్దు.

బయట బి.ఎస్సీ ఆక్వాకల్చర్ తేలిగ్గా సీటొస్తుందని దానికి వెళ్లొద్దు. ఐకార్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) ద్వారా పీజీ, అంటే ఎం.ఎఫ్.ఎస్సీ చేయాలంటే నాలుగేళ్ల బి.ఎఫ్.ఎస్సీయే అడుగుతారు. మీకు ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీ బస్సు దూరంలో ఉంది. అది ప్రభుత్వ కాలేజీ. ప్రైవేటు కాలేజీల ఏజెంట్లు ఫోన్ చేస్తే ముందు ఐకార్ గుర్తింపు ఉందా అని అడగండి. చాలా ఫోన్లు అక్కడే ఆగిపోతాయి.

సీటొచ్చినా మార్కెట్ దెబ్బలు తప్పవు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్యల కౌంట్ రేట్లు (కిలోకు ఎన్ని తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే ధర) ఏమయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి ఏడాది కంపెనీలు కొత్తవాళ్లను తీసుకోవు. అందుకని మూడో ఏడు నుంచే బ్యాంకు పరీక్షకో, పీజీకో చదువుతూ ఉండాలి.

కౌన్సెలింగ్‌కు రైతు కోటా ఉంటుంది. దానికి సొంత భూమి కావాలి, లీజు లెక్కలోకి రాదు. మీ రెండెకరాల పాస్‌బుక్, పాప స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకుని, ఈ ఏటి నోటిఫికేషన్‌తో సరిచూసుకోండి. ఈలోపు ఒకరోజు పాపను ముత్తుకూరు తీసుకెళ్లి, ఫైనలియర్ అమ్మాయిలతో మాట్లాడించండి. మీరు మాత్రం గేటు బయటే ఉండండి. నాన్న పక్కనుంటే వాళ్లు ఉన్నదున్నట్టు చెప్పరు.