ఇద్దరే ఉంటే మ్యాచ్ జరుగుతుండగా వాలీబాల్ స్టాట్స్ రాయగలమా? ఎవరు ఏం చెయ్యాలి?

రాయగలరు. కాకపోతే ఎవరి పని ఏంటో ముందే తేల్చుకోండి, చెప్పేవాడు పేపర్ వైపు చూడకూడదు, రాసేవాడు కోర్ట్ వైపు చూడకూడదు. ఇద్దరం చూద్దాం ఇద్దరం రాద్దాం అనుకుంటే రెండో సెట్‌కే గొడవైపోతుంది.

మేం డేటా వాలీ లాంటి సాఫ్ట్‌వేర్ల జోలికి పోలేదు. మా ఊళ్లో సంక్రాంతి టోర్నమెంట్, ఫ్లడ్ లైట్ల కింద ఒక అట్ట, రెండు పెన్నులు, నేను చెప్పడం, మా బాబాయి కొడుకు రాయడం. పాస్‌కి, అంటే అవతలి నుంచి వచ్చిన బంతిని అందుకుని లిఫ్టర్‌కి (కొట్టేవాళ్లకి బంతి లేపి ఇచ్చేవాడు) పంపడానికి, మార్కులు పెట్టుకున్నాం, లిఫ్టర్ ఎటు కావాలంటే అటు లేపగలిగితే 3, రెండు వైపులకే వీలైతే 2, ఎలాగోలా ఒక్కడికే ఎత్తి పడేస్తే 1, సర్వీస్‌కే పాయింట్ పోతే 0. "ఏడు సర్వీస్, పదకొండు పాస్ మూడు, నాలుగు కొట్టాడు, బ్లాక్" అని జెర్సీ నంబర్లతో ఆపకుండా చెప్తూనే ఉండాలి.

నాలుగో సెట్ 22-22 దగ్గర ఒక ర్యాలీలో బంతి ఏడెనిమిదిసార్లు నెట్ దాటింది, జనమంతా లేచారు, నేనూ లేచి కేకలేస్తున్నా, మావాడేమో తల ఎత్తకుండా "అన్నా పాస్ ఎంత? ఎవరు కొట్టారన్నా?" అని నా చొక్కా లాగుతున్నాడు. చూస్తే మొదటి పాస్ తప్ప గడులన్నీ ఖాళీ. అందుకే అంటున్నా, చెప్పే పని ఒకప్పుడు లిఫ్టర్‌గా ఆడినవాడికే ఇవ్వండి, వాడి కన్ను బంతి వెంట పోదు, పాస్ ఇచ్చేవాడి చేతుల మీదే ఉంటుంది. నేను అటాకర్‌ని.

ఇంకో బాధ జెర్సీలు. ఒకే టీంలో ఇద్దరు 18, కోహ్లీ నంబర్ అని! 18 అంటే ఎవరని రాయాలి? క్రికెటర్లు గుర్తుంటారు గానీ వాలీబాల్ వాళ్లు గుర్తుండరు. 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన మన వాలీబాల్ టీంలో పి.వి. రమణ గారు ఆడారు, సింధు వాళ్ల నాన్న అంటే గానీ మావాళ్లకి గుర్తురారు.

అసలు నా కోపం బెస్ట్ ప్లేయర్ ప్రైజ్ మీద. అది తీసుకున్నతను 20 కొడితే 9 పాయింట్లు, కానీ 5 బయటికో బ్లాక్‌కో పోయాయి, మిగిలింది 4, దాన్ని 20తో భాగిస్తే 0.200. అటు పదకొండో నంబర్ కుర్రాడు 31 పాస్‌లు తీశాడు, 17 మూడ్లు, 9 రెండ్లు, 4 ఒకట్లు, ఒక్క సున్నా, సగటు 2.35. పేపర్ పట్టుకెళ్లి కమిటీవాళ్లకి చూపిస్తే చూడను కూడా చూడలేదు. లైట్లు ఆర్పుతుంటే ఆ కుర్రాడే వచ్చి, అన్నా అదొకసారి ఇస్తారా, ఫోటో తీసుకుంటా అన్నాడు.