తమ్ముడు నల్లజాతి అమెరికన్ అమ్మాయిని పెళ్లి చేసుకోవడానికి దేవరకొండ తీసుకొస్తున్నాడు, ఇంట్లోవాళ్లం ఏమేం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: తమ్ముడు, ఆ అమ్మాయి మూడు వారాల సెలవు మీద వస్తున్నారు, అమ్మానాన్న ఒప్పుకున్నారు, లగ్గం దేవరకొండలో. టీవీలో ఇలాంటి జంటల్ని చూడటమే తప్ప ఇంట్లో ఎలా మెలగాలో తెలియదు.

కాగితాల సంగతి ముందు తేల్చుకోండి, ఎందుకంటే మూడు వారాలు చాలవు. అమ్మాయి హిందువు కాదు కాబట్టి గుడిలో పుస్తె కట్టినంత మాత్రాన హిందూ వివాహ చట్టం కింద ఆ పెళ్లి చెల్లదు. వేర్వేరు మతాల జంటలు మామూలుగా వాడేది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దాని ప్రకారం నోటీసు ఇచ్చేముందు ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి. నోటీసు ఇచ్చాక అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు ఆగాలి. ఆ తర్వాతే ముగ్గురు సాక్షులతో సంతకాలు. రెండు నెలలు ఇట్టే పోతాయి. అందుకే అమెరికాలో వాళ్లుండే కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో పెళ్లి లైసెన్స్ తీసుకుని అక్కడే చట్టప్రకారం పెళ్లి చేసుకుని, సర్టిఫికెట్‌కు అపోస్టిల్ (వేరే దేశంలోనూ చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) చేయించుకుని రమ్మనండి. మళ్లీ ఇక్కడ ఇంకో తేదీతో రిజిస్ట్రేషన్ చేయించొద్దు, రేపు వీసా దరఖాస్తుల్లో ఏ తేదీ అసలుదని చిక్కు పడుతుంది. తమ్ముడు భారత పౌరుడిగానే ఉంటే, రిజిస్టరైన పెళ్లికి 2 ఏళ్లు నిండాకే ఆమె ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరులు వీసా లేకుండా మన దేశానికి వచ్చిపోయే కార్డు) పెట్టుకోవాలి. ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది: విదేశీయురాలిని ఇంట్లో దించుకున్నా సరే, వచ్చిన 24 గంటల్లో ఆ సంగతి విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారులకు ఆన్‌లైన్ ఫారంలో (ఇదివరకు దీన్ని ఫారం-సి అనేవారు) తెలపాలి.

ఇక జనం మాటలు. 'కార్తీకదీపం' వంటలక్క కోసం మన ఊళ్లలో ఏడవని ఇల్లు లేదు. కానీ ఆ నలుపు మేకప్‌తో వేసింది. నిజంగా నల్లని పిల్ల కోడలిగా గడప తొక్కితే అదే ఆడవాళ్లు "గింత కర్రెగున్నదేంది పిల్ల" అంటారు. దీనికి జవాబు మీ తమ్ముడు చెబితే పని జరగదు. మన దగ్గర సుట్టాలు చూసేది అత్త ముఖం. మొదటిసారి ఎవరన్నా ఆ మాట అన్నప్పుడే, పదిమందిలో, అమ్మ "నా కోడలు, నాకు నచ్చింది" అనాలి. ఆమె గొంతు గట్టిగా ఉంటే రెండోసారి ఎవరూ అడగరు. పెద్దవాళ్లు కొందరు తెలియక 'నీగ్రో' అంటారు. అమ్మాయికి తెలుగు రాకపోయినా ఆ ఒక్క మాట అర్థమవుతుంది, గుండెకు తగులుతుంది. పెళ్లికి ముందే ఇల్లిల్లూ తిరిగి చెప్పిరండి. ఆఫ్రికా మనుషులు తెలంగాణకు కొత్తేమీ కాదు కూడా. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ బస్తీకి ఆ పేరు వచ్చిందే నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం వల్ల.

అమ్మాయి తరపువాళ్లకూ భయాలుంటాయి. అమెరికాలో 1967 దాకా 16 రాష్ట్రాల్లో తెల్లవాళ్లు, నల్లవాళ్లు పెళ్లి చేసుకోవడం నేరం. ఆ ఏడు జూన్ 12న సుప్రీంకోర్టు ఆ చట్టాలు కొట్టేసింది. 1975లో 'ది జెఫర్సన్స్' సీరియల్లో అలాంటి భార్యాభర్తలు పక్కింటివాళ్లుగా కనిపిస్తే అదే పెద్ద విశేషం. అమ్మాయి నాన్నమ్మకు ఇవన్నీ కళ్లముందు జరిగినవే కావచ్చు. వాళ్లు ఇంటర్నెట్లో మన జిల్లా పేరు వెతికితే 2018లో మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్నందుకు జరిగిన హత్య కనిపిస్తుంది. అడిగితే దాటేయకండి, కులం అంటే ఏమిటో, మీ ఇంట్లో ఎవరు ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి.

పెళ్లి పనుల్లో అసలు జాగ్రత్త జుట్టు దగ్గర. సన్న జడలు వేయించుకోవడానికి ఆమెకు నాలుగు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, తడిస్తే ఆరడానికి చాలాసేపు. మంగళస్నానం నాడు భుజాల మీంచే నీళ్లు పోయండి. కుంకుడురసం వద్దు, ఉంగరాల జుట్టును ఎండగట్టేస్తుంది. మన బోరు నీళ్ల ఉప్పదనం కూడా అంతే, తలస్నానానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టి పెట్టండి. వారానికోసారి తలస్నానం ఆ జుట్టుకు సరైన పద్ధతే, మురికని ఎవర్నీ అననివ్వొద్దు. జీలకర్ర-బెల్లం జడల్లోకి దిగితే వదలదు, కింద తమలపాకు పెట్టి దానిమీద ఉంచమని అయ్యగారికి చెప్పండి. తలంబ్రాల బియ్యం పొడిగా ఉండగానే దులపాలి, నీళ్లు తగిలితే పసుపు ముద్దవుతుంది. ముట్టుకుని చూస్తామని వచ్చే పిల్లల్ని, పెద్దల్ని కూడా ఆపాల్సింది మీరే.

బ్యూటీషియన్ దగ్గర ఆమె రంగుకు సరిపోయే ఫౌండేషన్ దొరకడం కష్టం. లేతది పూస్తే ముఖం బూడిద పూసినట్టు అవుతుంది. తన డబ్బా తననే తెచ్చుకోమనండి.

ఫొటోగ్రాఫర్‌తో అడ్వాన్స్ ఇచ్చేముందే మాట్లాడండి. తెల్ల పంచె ఫ్రేములో నిండితే కెమెరా వెలుతురు తగ్గించుకుంటుంది, పక్కన అమ్మాయి ముఖం చీకటిలో పడిపోతుంది. తర్వాత కంప్యూటర్లో ముఖం ఒక్కటే తేటపరుస్తారు, మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. ఎక్స్‌పోజర్ అమ్మాయి ముఖానికి పెట్టి, రెండు పక్కల నుంచి మెత్తని లైటు వేసి, రా ఫైళ్లలో (కెమెరా ఏమీ మార్చకుండా దాచే అసలు ఫైళ్లు) తీయమనండి. "ఎవరి రంగూ తెల్లగా చేయొద్దు" అని ఒప్పందం కాగితంలోనే రాయించండి. ఆల్బమ్ ప్రింటుకు పోకముందు పేజీలన్నీ ఫోన్‌కు తెప్పించుకుని ఆ అమ్మాయికే చూపించండి.