గేట్లు దించేటప్పుడు

చిట్టీ,

నీకు ప్రాజెక్టు మీద అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పోస్టింగ్ వచ్చిందని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నా తర్వాత మన ఇంట్లో గేట్ల దగ్గర నిలబడేది నువ్వే. వీధిలో నలుగురికీ చెప్పుకుని వచ్చి పడుకున్నానే గానీ నిద్ర పట్టలేదు.

లాగ్‌బుక్కు ఏ గంటకాగంట రాయి. గ్రీజు పని వానలకు ముందే చేయించు. ఇవి నీకు అక్కడ ఎవరైనా చెబుతారు.

చెప్పనిది ఒకటుంది. నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరిన కొత్త. వరద తగ్గింది, ఆఖరి నీళ్లు ఆపుకోవాలి, గేట్లు మూయమన్నారు. ఎంతసేపట్లో మూయాలో ఎవరూ చెప్పలేదు. మర్నాడు దీపావళి. బస్సు అందుకోవాలని గంటలో అన్నీ దించేశాను. బస్సు ఎలాగూ తప్పిపోయింది.

తెల్లారి కిందికి దిగితే ఏరు లేదు, ఇసుకలో మడుగులున్నాయి. వాటినిండా ఆ వానల్లో పుట్టిన బొచ్చె, శీలావతి పిల్లలు, వేలెడేసి, నోళ్లు పైకెత్తి గుటకలు వేస్తున్నాయి. ఎండెక్కేకొద్దీ నీళ్లు కాగి, గాలి చాలక తేలిపోయాయి. కొంగలకు పండగ. బుట్టలు పట్టుకొచ్చిన జనానికీ పండగే. నేను తువ్వాల్లో ఎత్తి పాయలో వదలబోతే సగం అప్పటికే చచ్చాయి. పక్కనే ఒక ముసలి పల్లెకారు నిలబడి ఉన్నాడు. "మెల్లగా దించుంటే నీళ్లతోపాటు అవీ లోతుకి పోయేవి గదా బాబూ" అన్నాడు. తిట్టలేదు. పై ఆఫీసరు అడిగితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి, ఆయనకేం చెప్పను? ఆ పండక్కి ఇంటికి వెళ్లలేదు.

అప్పటినుంచి ఒక గేటు అడుగు దించి, కింద రాళ్ల మీద తడి గీత ఎంత దిగిందో చూసి గానీ రెండో గేటు ముట్టుకోలేదు.

నిన్ను రోజూ అందరూ అడిగేది పైనున్న నీళ్ల లెక్కే: ఎన్ని అడుగులు, ఎన్ని టీఎంసీలు. కింద ఏం తగ్గిందో అడగరు. ఒండ్రు మన ఆనకట్ట గోడ వెనకే దిగిపోతుంది. తేట నీరు కింది ఇసుకను కోసుకుపోతుంది, బదులు వేయడానికి దాని దగ్గరేమీ ఉండదు. శ్రీశైలం, సాగర్ అడుగున పేరుకున్న మట్టిలో దివిసీమకు చేరాల్సిందీ ఉంది. నీళ్లు బొత్తిగా ఆపేస్తే సముద్రపు ఉప్పు ఏట్లోకి ఎగదన్నుతుంది.

నీళ్లు వదిలేటప్పుడు నా భయం వేరు. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది, పైనుంచి వదిలిన నీళ్లకే కొట్టుకుపోయారు. సైరన్ మోగించామని ఊరుకోకు, మనిషిని పంపు. ఫోన్ సైలెంట్‌లో పెట్టే నీ పాడలవాటు ఈ ఉద్యోగంలో పనికిరాదు, ముందే చెబుతున్నా.

చిన్నప్పుడు గేట్ల చప్పుడుకి నా చొక్కా పట్టుకుని ఏడ్చేదానివి. గుర్తుందా?

నా పాత టార్చి పంపుతున్నాను. బరువే గానీ వెలుగు అవతలి గట్టుదాకా పడుతుంది. పెద్ద బ్యాటరీలు మూడు కావాలి. నువ్వు కొనవని నాకు తెలుసు, అట్టపెట్టెలోనే పెట్టాను.

మామయ్య