కథ ఆ అబ్బాయి దగ్గర లేదమ్మా

నెల్లూరు

అమ్మాయీ,

నీ కథ చదివాను. పదో తరగతి పిల్ల, ట్యూషన్‌లో ఆమెకి నచ్చిన అబ్బాయి, నెల్లూరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే అక్క. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మీ కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది కాబట్టి అప్పుడే నువ్వు మా జిల్లా పిల్లవయ్యావు. కొంచెం చనువుగానే చెప్తాను.

నువ్వు దీన్ని ప్రేమకథ అనుకుని రాశావు. సగం పేజీలు ఆ అబ్బాయి కళ్ళకీ, నవ్వుకీ, సింగరాయకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చునే తీరుకీ పోయాయి. అంత రాసినా నాకు ఆ పిల్లాడు కనిపించలేదు, ఎవరో సినిమా హీరో కనిపించాడు. ఆ వయసులో క్రష్ అంటే అంతే మరి. ఆ మనిషి గురించి మనకి తెలిసింది గోరంత, మిగతాదంతా మనం అల్లుకున్నదే. అలాగని అది అబద్ధం కాదు. గుండె దడ నిజం, నిద్ర పట్టకపోవడం నిజం. పెద్దవాళ్ళు "ఈ వయసులో ఇవన్నీ మామూలే" అని కొట్టిపారేస్తారు. రాసేవాళ్ళు అలా కొట్టిపారేయకూడదు. కాకపోతే కథ ఎక్కడుందో చూసుకోవాలి. నీ కథ అక్కాచెల్లెళ్ళ మధ్య ఉంది, నువ్వు దాని పక్కనించి నడిచి వెళ్ళిపోయావు.

రొట్టెల పండగ దగ్గర చూడు. మొహర్రం నెల, బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువులో జనం. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఏది కావాలో నోరు తెరిచి అడగాలి. నీ పిల్ల మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. పక్కనే అక్క. మనసులో ఉన్నది వేరు, ఆమె నోటి నుంచి వచ్చింది "చదువు రొట్టె". అక్క ఒకసారి తలతిప్పి చూసింది. ఇంత గొప్ప చోటుకి వచ్చి నువ్వు నాలుగు వాక్యాల్లో తేల్చేసి, వెంటనే మళ్ళీ ఆ అబ్బాయి దగ్గరికి పరుగెత్తావు! ఎందుకమ్మా? అక్క ఏం చూసింది? చెల్లెలు అబద్ధం అడిగిందని పట్టేసిందా? పట్టేసి కూడా ఊరుకుందా? ఒకప్పుడు జడ పిన్నుల దగ్గర్నుంచి జ్వరం దాకా అన్నీ పంచుకున్న ఇద్దరి మధ్య మొదటి రహస్యం పుట్టిన క్షణం అది. అక్కడ ఆగు. పేజీ అంతా తీసుకో. జనాన్ని తగ్గించు, నీళ్ళని ఉంచు, అక్క ముఖాన్ని మాత్రం వదలకు.

ఇంకోటి. హాస్టల్ నుంచి దసరాకి అక్క ఇంటికి వచ్చినప్పుడు ఆమె అలమరలో చెల్లెలి బట్టలు ఉన్నాయని ఒక్క ముక్క రాశావు. చాలా బాగుంది. అక్క ఏమీ అనకుండా తన బట్టలు బ్యాగులోనే ఉంచుకోవడం మరీ బాగుంది. కొట్లాడుకోవడం మానేశాక అక్కాచెల్లెళ్ళు ఒకరికొకరు చుట్టాలైపోతారు, మర్యాదగా మాట్లాడుకుంటారు. ఆ మర్యాద ఎంత బాధో నీకు తెలుసు కాబట్టే ఆ ముక్క అంత బాగా పడింది. అలాంటివి ఇంకా వెతుక్కో.

నేను అస్సలు ఒప్పుకోనిది నీ ముగింపు. "నువ్వు బాగుంటావు" అని అబ్బాయి అన్నాడు, పిల్లకి ఆత్మవిశ్వాసం వచ్చేసింది. చిన్నప్పట్నుంచి "అక్క తెలుపు, ఇది చామనఛాయ", "అక్కని చూసి నేర్చుకో" అని విన్న పిల్ల అది. అన్నేళ్ళు విన్నది ఒక్క మెచ్చుకోలుతో పోదు. పైగా రేపు అతను పలకరించకపోతే ఆ ధైర్యం ఏమైపోవాలి? ఆ పిల్ల చేత ఏదైనా ఒక పని చేయించు. అమ్మ ఇచ్చిన చేపల పులుసు డబ్బా పట్టుకుని ఆదివారం కందుకూరులో ఒక్కతే బస్సెక్కి నెల్లూరు రానీ. బస్టాండులో దిగి హాస్టల్ దారి తనే అడుక్కోనీ. గేటు దగ్గర అక్క ఎలా ఉంటుందో, ఎంత చిక్కిపోయిందో ఆమె కళ్ళతో చూపించు. ఇన్నాళ్ళూ చెల్లెలికి అక్క అంటే మార్కుల పట్టికే. అక్కకి కూడా టెన్షన్ ఉంటుందని, ఇంటికి ఫోన్ చేసి ఏడుపు ఆపుకుంటుందని అప్పుడు తెలుస్తుంది.

అక్క నీడలో ఉన్నవాళ్ళ గురించి రాస్తున్నావు కదా, ఎర్రన గురించి చెప్పాలనిపిస్తోంది. మీకు దగ్గర్లోని గుడ్లూరు వాడనే సాహిత్య చరిత్రలు చెప్తాయి. 14వ శతాబ్దంలో అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. మహాభారతంలో ఆయనకి మిగిలింది నన్నయ ఆపేసిన అరణ్యపర్వ శేషమే. ముందు నన్నయ ధోరణిలోనే మొదలుపెట్టి, అతుకు కనపడకుండా మెల్లగా తిక్కన ధోరణిలోకి వచ్చాడంటారు, అయినా ఆ భాగం ఆయనదే. నీ పిల్ల కూడా అక్క చున్నీ, అక్క చేతిరాత, అక్క మాటలతోనే మొదలవుతుంది. అవి ఎప్పుడు తనవైపోయాయో చదివేవాళ్ళకి ప్రకటించకుండా తెలిసేలా రాయి.

సంభాషణలు మార్చు. ఇంట్లో ఇద్దరూ "ఎక్కడికి వెళ్తున్నావు సోదరీ" అన్నట్టు మాట్లాడుతున్నారు. "యాడికే పోతుండావు?" అననీ. అమ్మ తిట్లు కూడా మీ ఇంట్లో వినపడేవే పెట్టు.

ఇది చాలావరకు మీ ఇంటి కథేనని నాకు అర్థమైంది. అందుకే ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. పత్రికకి పంపే ముందు మీ అక్కకి చదివి వినిపించు. ఏదైనా తీసేయమంటే తీసెయ్యి, వాదించకు. ఆ అబ్బాయి పేరు, ట్యూషన్ వీధి, బస్సు టైము మార్చెయ్యి. కందుకూరు చిన్న ఊరు, అతనూ పదో తరగతి పిల్లాడే, రేపు అతని ఇంట్లో కూడా ఈ కథ చదువుతారు. మార్చి రాసిన కథని సంక్రాంతి లోపు పంపగలిగితే పంపు. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడితే మాత్రం పక్కన పెట్టు, వేసవిలో చూసుకుందాం.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ