కుక్కతో ఎడారికి వెళ్లివచ్చిన యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న గాబ్లిన్ వ్యాలీ పార్కుకు నీ కుక్కను వెంటబెట్టుకుని వెళ్లి రాసిన యాత్రా వ్యాసం అందింది. తీరిగ్గా చదివాను. భాష మీద నీకు పట్టు ఉంది, వాక్యాన్ని ఎక్కడ ఆపాలో తెలుసు. అందుచేత ఆ విషయాలు వదిలేసి, చదువుతున్నంతసేపూ నన్ను వెంటాడిన ఒక్క సంగతి చెబుతాను. నీ వ్యాసం శీర్షికలో కుక్క ఉంది, మొదటి ఫొటోలో ఉంది, చివర కారెక్కేటప్పుడు మళ్లీ కనిపించింది. మధ్యలోని పేజీలన్నీ రాళ్ల వర్ణనే. నువ్వు ఒంటరిగా వెళ్లి ఉన్నా ఆ పేజీలను అక్షరం మారకుండా అలాగే రాసి ఉండేదానివి. కానీ కుక్కతో వెళ్లిన మనిషికి ఆ లోయలో బయలుదేరే వేళ, నడిచే దూరం, ఆగే చోటు, చూపు పడే ఎత్తు, అన్నీ మారిపోతాయి. ఆ మార్పే నీ వ్యాసానికి అసలు విషయమని నా అభిప్రాయం.

ముందు రాళ్ల సంగతి. ఒకే పేజీలో వాటిని పుట్టగొడుగులతో, మరుగుజ్జులతో, తాబేళ్లతో, కొలువుతీరిన పెద్దలతో పోల్చావు. 1920ల చివర్లో గ్రీన్ రివర్ అనే ఊరి నుంచి కేన్‌విల్ అనే ఊరి వైపు దారి వెతుకుతూ వచ్చిన ఆర్థర్ చాఫిన్ అనే ఆయన ఆ లోయను దూరం నుంచి చూసి, 1949లో తిరిగివచ్చి ఫొటోలు తీసి, పుట్టగొడుగుల లోయ అని పేరు పెట్టాడు. 1964లో అది రాష్ట్ర పార్కు అయ్యేనాటికి ఆ రాళ్లకు గాబ్లిన్లన్న పేరు, అంటే పాశ్చాత్య కథల్లోని కురూపి మరుగుజ్జు భూతాల పేరు, స్థిరపడింది. అంటే నువ్వు వెళ్లేసరికే పోలికల పని పూర్తయిపోయింది. అక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి క్షణంలోనే తోచే పోలికను మనం మళ్లీ కాగితం మీద పెడితే పాఠకుడికి దక్కేది ఏమీ ఉండదు. ఆ ఆకారం ఎలా వచ్చిందో చెబితే మాత్రం ఆ రాయి వాడి కళ్లముందు నిలబడుతుంది.

సుమారు 17 కోట్ల ఏళ్ల క్రితం, జురాసిక్ కాలంలో, అక్కడ లోతులేని సముద్రపు అంచు ఉండేది. ఆటుపోట్లకు తడిసి ఆరే చదును నేలల మీద ఒకసారి ఇసుక, ఒకసారి ఒండ్రు, మరోసారి మెత్తని బంకమన్ను పేరుకుని, కాలక్రమంలో గట్టిపడి, భూశాస్త్రవేత్తలు ఎంట్రాడా ఇసుకరాయి అని పిలిచే పొరలయ్యాయి. తరువాత ఆ రాయిలో నిలువుగా పగుళ్లు పడ్డాయి. పగుళ్లు కలిసే మూలలకు గాలీ వానా మంచూ ఒకటికి మించిన వైపుల నుంచి తగులుతాయి కనుక చదునుగా ఉన్న ముఖం కన్నా మూల త్వరగా అరుగుతుంది. పలకలుగా చీలిన రాయి చివరకు గుండ్రని తలగా మిగలడానికి కారణం ఇదే. ఆ తల కిందున్న పొర ఇంకా మెత్తన కనుక అది ముందుగా కొట్టుకుపోయి మెడ సన్నబడుతుంది. ఆ మెడ ఎంత బలహీనమో లోకానికి 2013లో తెలిసింది. ఒక సందర్శకుడు ఒక గాబ్లిన్ తలను తోసి పడేస్తుంటే తోటివాడు వీడియో తీశాడు. మరుసటి ఏడు కోర్టులో ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు. కోట్ల ఏళ్ల పని ఒక మనిషి భుజబలానికి కొన్ని క్షణాల్లో కూలిపోయిందన్న నిజం నీ నాలుగు పోలికల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇప్పుడు కుక్క దగ్గరకు వద్దాం. గాబ్లిన్ వ్యాలీనే ఎందుకు ఎంచుకున్నావో నువ్వు ఒక్క మాట కూడా రాయలేదు. అదే రాష్ట్రంలోని ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్ జాతీయ ఉద్యానవనాల్లో కాలిబాటల మీదికి కుక్కను రానివ్వరు. వాహనాలు తిరిగే రోడ్లు, కార్లు ఆపుకునే స్థలాలు, శిబిర స్థలాల దగ్గరే దాన్ని ఉంచుకోవాలి. ఇక్కడ మాత్రం ఆరడుగులకు మించని పట్టీతో రాళ్ల మధ్య దాకా తీసుకువెళ్లవచ్చు. పైగా లోయలో ఇదీ దారి అని గీసిపెట్టింది లేదు, ఎటు తోస్తే అటు నడవవచ్చు. కుక్కను ప్రేమించే పాఠకుడికి ఈ రెండు వాక్యాలూ ఎంతో విలువైనవి.

ఇక వేడి. ఈ ఉత్తరంలో నేను గట్టిగా పట్టుబట్టేది దీని గురించే. వేసవిలో అక్కడ ఉష్ణోగ్రత 38 డిగ్రీలు దాటుతుంది, చెట్టు నీడ దొరకదు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా చెమట గ్రంథులున్నా, ఒంటి వేడిని అది ప్రధానంగా రొప్పుతూ, నోటిలోని తడిని ఆవిరిగా వదులుతూ తగ్గించుకుంటుంది. అలా వదిలిన ప్రతి ఊపిరికీ ఒంట్లో నీరు ఖర్చవుతుంది. మామూలుగా దాని ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల మధ్య ఉంటుంది, 41 దాటితే ప్రాణాపాయం. అందుకే తెలిసినవారు చెప్పులు లేని ఆ పాదాల తరఫున ముందుగా తమ చేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్లపాటు నేలకు ఆనించి చూస్తారు; మన చేయి ఓర్చుకోలేని నేల మీద కుక్కను నడిపించరు. నువ్వు ఈ పని చేసే ఉంటావు. కానీ రాయలేదు.

రాయకపోతే ఏమవుతుందో ఆలోచించు. నీ వ్యాసం బాగుంది కనుక దాన్ని చదివి ఎవరో ఒకరు తమ కుక్కను తీసుకుని బయలుదేరతారు. ఎండాకాలంలో, నడిమధ్యాహ్నం, ఒక్క నీళ్ల సీసాతో బయలుదేరితే ఆ కుక్క గతి ఏమిటి? నీళ్లు విడిగా దానికోసం మోసుకెళ్లాలని, మడతపెట్టే గిన్నె వెంట ఉండాలని, నాలుక వెడల్పుగా సాగి వేలాడుతున్నా, చొంగ జిగటగా మారినా, చిగుళ్లు బాగా ఎర్రబడినా, నడక తూలినా అక్కడికక్కడే ఆగి, ఒంటి మీద చల్లని నీళ్లు పోసి, విసిరి, ఆ తరువాత పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తాలని కథలో భాగంగానే చెప్పవచ్చు. దగ్గరి ఊరు హ్యాంక్స్‌విల్ చాలా చిన్నది కనుక వైద్యుడి నంబరు బయలుదేరక ముందే రాసిపెట్టుకోవాలి. ఇవన్నీ సూచనల పట్టికలా చివర అతికించవద్దమ్మా. నువ్వు మోకాలి మీద కూర్చుని గిన్నెలో నీళ్లు పోసిన ఆ నిమిషాన్ని రాయి, అందులోనే అన్నీ ఇముడుతాయి.

నీ కుక్క చేత మాట్లాడించిన చోట్లు మూడు నాలుగున్నాయి. వాటిని తీసేయమని నా సలహా. "ఎంత ఎర్రగా ఉందో అనుకుంది" అని రాశావు. కుక్క కంటికి నీలమూ పసుపూ బాగా తెలుస్తాయిగాని ఎరుపు మనకు కనిపించినట్లు కనిపించదు. మనల్ని అంత దూరం లాక్కెళ్లిన ఆ ఎర్రదనం దాని దృష్టిలో మసకబారిన పసుపు, గోధుమ ఛాయల్లో కలిసిపోతుంది. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఒకే లోయలో ఒకే పట్టీకి రెండు కొసల్లో ఉన్న ఇద్దరు రెండు వేర్వేరు చోట్లను చూస్తున్నారు. నువ్వు తలెత్తి రాతి తలలను చూస్తుంటే అది ఒక గాబ్లిన్ మొదట్లో, రాయికీ ఇసుకకూ మధ్యనున్న సన్నని సందులో ముక్కు పెట్టి, ఊపిరి బిగబట్టి, మళ్లీ పెట్టి, రాత్రి అటుగా వెళ్లిన ఏదో జంతువు జాడను చదువుతోంది. తెల్లవారుజామున నేలలో కాస్త చల్లదనం, తడి ఉన్నప్పుడు వాసన నిలుస్తుంది. ఎండెక్కి నేల కాలేసరికి చెదిరిపోతుంది. కనుక పొద్దున్నే వెళ్లడం దాని పాదాలకే కాదు, దాని ముక్కుకూ మంచిది. దాని మనసులో ఏముందో మనకు తెలియదు. చెవి ఎటు తిరిగిందో, తోక ఏ క్షణంలో ఆగిపోయిందో, ఏ రాయి దగ్గర పట్టీ బిగిసిందో తెలుసు. తెలిసినది రాస్తే చాలు, పాఠకుడు మిగిలినది తానే ఊహించుకుంటాడు.

ఆ ఆరడుగుల పట్టీని కూడా ఇబ్బందిగా తలచి ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ ప్రాంతంలో తోకతో గిలక చప్పుడు చేసే విషపు రాటిల్ పాములుంటాయి, రాతి సందులోకి దూరిన ముక్కుకు ఆ పట్టీయే రక్ష. చుట్టుపక్కల నేల మీద నల్లగా, గరుకుగా కనిపించే పొర ఒట్టి మట్టి కాదు. సయానోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు, నాచు, రాళ్ల మీద మచ్చల్లా పెరిగే లైకెన్లు అల్లుకుని ఇసుకను గాలికి పోకుండా పట్టి ఉంచే ప్రాణమున్న పొర. దాని మీద ఒక్క పాదం పడితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. రాళ్ల నడుమ బోడి ఇసుక మీద, వాగు అడుగున నడిపించాలని చెప్పడానికి పట్టీ ప్రస్తావన చక్కని సందర్భం.

రాత్రి ఆకాశం గురించిన నీ పేరా బాగుంది. 2016లో ఆ పార్కుకు దీపాల వెలుగు సోకని అంతర్జాతీయ చీకటి ఆకాశ పార్కుగా గుర్తింపు వచ్చిన సంగతి చేర్చు, అంతకు మించి దాన్ని పెంచవద్దు.

ఇక అయిదో పేజీ. ఎండ ముదరక ముందే నీ కుక్క ఒక గాబ్లిన్ నీడలో పడుకుని ఎంత పిలిచినా లేవలేదని, నువ్వు కూడా కూర్చుండిపోయావని ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయావు. వ్యాసమంతటిలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం అది. వ్యాసాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టి తిరిగి రాయమంటాను. అప్పుడు వేళ ఎంత? నీడ ఎంత వెడల్పున ఉంది? అది జరుగుతున్నకొద్దీ మీరిద్దరూ జరిగారా, ఎవరు ముందు జరిగారు? వీపు ఆనించిన రాయి చల్లగా ఉందా? దాని పొరలు నీ కంటి ఎత్తులో ఎలా ఉన్నాయి, వేలితో రాస్తే ఇసుక రాలిందా? రొప్పు ఎంతసేపటికి నెమ్మదించింది? గిన్నెలో ఎన్నిసార్లు నీళ్లు పోశావు? కారు దాకా ఇంకా ఎంత దూరం ఉంది, వెనుదిరగాలని ఎప్పుడు నిర్ణయించుకున్నావు? గుర్తున్నవన్నీ ముందు చిత్తుగా రాసుకో, గుర్తులేనివి కల్పించకు. మొదటి రెండు పేజీలూ తీసేసి, రెండో ప్రతి సిద్ధమయ్యాక నాకు పంపు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి