కన్నవారిని కలిస్తే దత్తత హక్కు పోతుందా?

ప్రశ్న: రాజోలు దగ్గరి మా ఊళ్లో అమ్మానాన్నలు నన్ను రెండేళ్ల వయసులో, 1993లో దత్తత తీసుకున్నారు. నేనొక్కదాన్నే సంతానం. నాన్నగారు వీలునామా రాయకుండానే కాలం చేశాక ట్రంకుపెట్టెలో రిజిస్టరైన దత్తత పత్రం దొరికింది. 1996 నవంబరు తుపానులో తడవడంతో కన్నవారి ఇంటిపేరు, ఊరు ఉన్న చోట సిరా అలుక్కుపోయింది. వాళ్లను వెతుక్కుంటానంటే, వెళ్లి కలిస్తే కొబ్బరితోట మీద హక్కు పోతుందని బాబాయి అంటున్నారు. నిజమేనా? వాళ్ల వివరాలు తెలుసుకునేదెలా? వాళ్ల ఆస్తిలో నాకు వాటా ఉంటుందా?

జవాబు: మీ బాబాయిగారి మాటకు చట్టంలో ఆధారం లేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 12వ సెక్షన్ ప్రకారం దత్తత జరిగిన నాటి నుంచి మీరు అన్ని విధాలా పెంచినవారి బిడ్డే. చెల్లుబాటైన దత్తతను ఎవరూ రద్దు చేయలేరని, దత్తతకు వెళ్లినవారు సైతం ఆ హోదా వదులుకుని కన్నవారి కుటుంబంలోకి తిరిగి చేరలేరని 15వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. వదులుకుందామన్నా పోని హక్కు, వెళ్లి పలకరించి వచ్చినంత మాత్రాన ఎలా పోతుంది? తోట మీ నాన్నగారి స్వార్జితమై, నాయనమ్మగారు జీవించి లేకపోతే, అది మీ అమ్మగారికి, మీకు చెరి సగం వస్తుంది. మీరిద్దరూ ఉండగా ఆయన తమ్ముడికి వాటా రాదు. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు సంతకాలు చేసిన రిజిస్టరు పత్రం ఉన్నప్పుడు దత్తత సక్రమంగా జరిగినట్టే కోర్టు భావించాలని 16వ సెక్షన్ చెబుతున్నందున, కాదనేవారే రుజువు చేసుకోవాలి.

ఇక వివరాల సంగతి. దత్తత పత్రాలను సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నాలుగో పుస్తకంలో నమోదు చేస్తారు. భూముల దస్తావేజుల నకలు అడిగినవారికల్లా ఇచ్చినట్టు దీని నకలు ఇవ్వరు; పత్రం రాసినవారికి, దాని కింద హక్కు పొందేవారికి, వారి ప్రతినిధులకు మాత్రమే ఇస్తారు. మీరు ఆ కోవలోకే వస్తారు. మీ ప్రతిలో కనిపిస్తున్న నంబరు, సంవత్సరం, నాన్నగారి పేరు రాసి, మీ గుర్తింపు కార్డు జతచేసి ధ్రువీకరించిన నకలుకు దరఖాస్తు పెట్టండి. పుస్తకాన్ని మీ చేతికివ్వరు, అధికారే వెతికి చూస్తారు. అంతకంటే ముందు అమ్మగారిని అడగడం మేలని నా అభిప్రాయం. కోనసీమలో ఇలాంటి దత్తతలు చాలావరకు తెలిసినవారి మధ్యే జరుగుతాయి, ఆమెకు తెలియని సంగతి కాగితంలో ఉండే అవకాశం తక్కువ.

శిశుగృహ ద్వారా దత్తతకు వెళ్లినవారి దారి వేరు. వారు పద్దెనిమిదేళ్లు నిండాక జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని స్వయంగా ఆశ్రయించవచ్చు. మూడో మనిషి ద్వారా వెతికించడానికి 2022 నాటి దత్తత నిబంధనలు ఒప్పుకోవు, కన్నవారి గోప్యతకు భంగం కలగనివ్వవు. ఆ నిబంధన మీకు వర్తించకపోయినా, అందులోని మర్యాదను పాటించమంటాను. మీ కన్నతల్లి ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఉండి ఉండవచ్చు. నలుగురినీ వెంటేసుకుని గుమ్మంలోకి వెళ్లకుండా ముందు ఒక ఉత్తరం రాయండి.

కన్నవారి స్వార్జితంలో మీకు వారసత్వ హక్కు లేదు; వారు ఇష్టపడి వీలునామా గాని, దానపత్రం గాని రాస్తే పుచ్చుకోవచ్చు. దత్తతకు ముందే మీకు సంక్రమించిన ఆస్తి ఏదైనా ఉంటే అది మీదే. ఉమ్మడి పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే వాటాను కూడా అలా సంక్రమించిన ఆస్తిగానే 1981లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పరిగణించింది, 2023లో తెలంగాణ హైకోర్టు పూర్తి ధర్మాసనం కాదంది. తొలి కలయికలోనే ఆ ప్రస్తావన తేవద్దు.

మీ బాబాయిగారు ఈలోగా తోటలో వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల పత్రమో, కన్నవారి పేరు పెట్టి ‘నేను ఫలానా వారి కుమార్తెను’ అనే అఫిడవిటో తెచ్చి సంతకం అడిగితే చేయవద్దు. తహసీల్దారు కార్యాలయంలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి అమ్మగారితో కలిసి ఇప్పుడే దరఖాస్తు చేయండి.