కార్బురేటర్‌ను తిరిగి బిగించేటప్పుడు

విజయనగరం

చిరంజీవి మేనల్లునికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్నగారి పాత స్ప్లెండర్ బండిలో గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్‌ను విప్పి కడిగావని, బిగించే ముందు నన్ను అడగాలనుకుంటున్నావని అమ్మ ఫోనులో చెప్పింది. అడగడమే మంచిది. కడగడంలో లోపముంటే బండి స్టార్టు కాదు, అంతే. బిగింపులో లోపముంటే నరసన్నపేట దాటి హైవే ఎక్కాక ప్రాణం మీదికి వస్తుంది.

ముందుగా పెట్రోలును కొలిచి వదిలే ఇత్తడి మరలైన మెయిన్ జెట్‌నూ పైలట్ జెట్‌నూ వెలుతురుకు ఎత్తి చూడు. సన్నని రంధ్రంలోంచి గుండ్రని వెలుగు నిండుగా కనిపించాలి. ఇత్తడి మెత్తన కనుక వేళ్ళతోనే మర పట్టించి, గాడిలో సరిగ్గా ఇమిడే స్క్రూడ్రైవర్‌తో ఆనేదాకా తిప్పి ఆపేయి.

అసలు ఓపిక ఫ్లోట్ (కింది గిన్నెలో పెట్రోలుపై తేలే భాగం) దగ్గర కావాలి. ఫ్లోట్ పైకి లేచినప్పుడు పెట్రోలును ఆపే నీడిల్ వాల్వ్ మొనను గోటితో తడిమి చూడు. చుట్టూ ఉంగరంలా గీత పడి ఉంటే మరో ఆలోచన లేకుండా కొత్తది వెయ్యి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి, లోపల పెట్రోలు చప్పుడు వినిపిస్తే దాన్నీ మార్చు. వాల్వ్‌ను ఫ్లోట్ నాలుకకు తగిలించి, రెంటినీ కలిపి దించి, ఆ తర్వాతే పిన్ను దూర్చు. పిన్ను వేలితో తోస్తే వెళ్ళాలి తప్ప సుత్తి ముట్టుకోకు, దాన్ని పట్టి ఉంచే కొమ్ములు విరిగితే బాడీ మొత్తం దండగే. ఇప్పుడు పెట్రోలు వచ్చే గొట్టానికి శుభ్రమైన పైపు తగిలించి, కార్బురేటర్‌ను తలకిందులుగా పట్టుకుని నోటితో మెల్లగా ఊదు: గాలి పోకూడదు. నిటారుగా తిప్పి ఊదితే ధారాళంగా పోవాలి. ఈ పరీక్ష నెగ్గేదాకా కింది గిన్నె బిగించవద్దు.

గిన్నె రబ్బరు రింగు ఉబ్బి గాడిలో కూర్చోకపోతే లాగి ఇరికించకు. ఒక రోజు గాలికి ఆరనిస్తే చాలావరకు ముడుచుకుంటుంది, లేకపోతే కొత్తది కొను. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది కనుక పాత రబ్బరుకు అది పడదు, పైగా మన సముద్రపు గాలిలోని తేమను కూడా అది పీల్చుకుంటుంది. బండిని వారాల తరబడి నిలిపితే గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోలు తీసెయ్యి.

ఏక్సిలేటర్ తిప్పితే పైకి లేచి గాలి దారి తెరిచే స్లైడ్ విషయంలో మాత్రం నా మాట తప్పవద్దు. దాని కింద కోసినట్టుండే వంపు ఎయిర్ ఫిల్టర్ వైపే ఉండాలి, పక్కనున్న పొడవాటి గాడి లోపలి పిన్నులో కూర్చోవాలి. తిప్పి పెడితే స్టార్టు కాగానే ఇంజను ఆగకుండా అరుస్తుంది. బిగించాక హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పుతూ ఏక్సిలేటర్ ఇచ్చి వదిలి చూడు, ప్రతిసారీ స్లైడ్ టక్కున పడిన చప్పుడు వినిపించాలి. అది వినకుండా కిక్ కొట్టవద్దు.

ఇంజనుకు ఆనే చోట రబ్బరు రింగులు పగిలి ఉంటే గాలి లాగి ఐడిల్ (ఏక్సిలేటర్ ఇవ్వనప్పటి ఇంజను వేగం) పెరుగుతుంది, కాబట్టి వాటినీ మార్చు. ఐడిల్ దగ్గర గాలి పాలు సర్దే ఎయిర్ స్క్రూను విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టి ఉంటే అంతే పెట్టు. లేకపోతే మెల్లగా చివరిదాకా ఆనించి ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పి, ఇంజను వేడెక్కాక సర్దు.

స్టార్టు చేసే ముందు పెట్రోలు కాక్ తెరిచి పది నిమిషాలు ఆగి, ఓవర్‌ఫ్లో పైపు కింద నేల తడిసిందేమో చూడు. బండి వేడెక్కాక ఐడిల్ చప్పుడును ఫోనులో నాకు వినిపించు.

ఇట్లు,
మామయ్య